‘నిధి చాల సుఖమా’ నేర్చుకునే ముందు

పదో తరగతిలో ఉండగా శ్రీరామనవమి పందిట్లో ‘నిధి చాల సుఖమా’ పాడాను. పాట అయ్యాక ముందు వరసలో కూర్చున్న ఒక తాతగారు పిలిచి, ‘‘బాగా పాడావమ్మా. లసుఖం అంటే ఏమిటి?’’ అని అడిగారు. నేను ‘నిధిచా’ దగ్గర ఊపిరి తీసుకుని ‘లసుఖమా’ అని ఎత్తుకున్నాను మరి. పిల్లలకు ఈ కృతి పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

అందుకే మొదటి రోజు శ్రుతి పెట్టె తీయకండి. అచ్చు పుస్తకం చూసి సాహిత్యం చేత్తో రాసుకోండి. ఫోన్లో విని రాసుకుంటే తప్పులు దొర్లుతాయి. ఈ కృతి రాసిన త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టారు, 1847లో తిరువయ్యారులో సిద్ధి పొందారు. శిష్య పరంపరలో తమిళులే ఎక్కువ. వాళ్లు ప్రాణంగా కాపాడబట్టే ఈ కృతులు మన దాకా వచ్చాయి. ఆ రుణం తీరేది కాదు. కాకపోతే తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. మాట ఎక్కడైనా మారితే సరిచూసుకోవలసింది తెలుగు వచ్చిన మనమే.

రాసుకున్నాక పదాలు విడగొట్టండి. నిధి, చాల, సుఖమా. రాముని, సన్నిధి సేవ, సుఖమా. ఇప్పుడు రాగం లేకుండా, ఇంట్లో మనిషిని అడిగినట్టు పైకి అడగండి. ‘సన్నిధి’లో ‘నిధి’ దాగి ఉందని అప్పుడు చెవికి తెలుస్తుంది. ఎక్కడపడితే అక్కడ విరిస్తే ఆ అందమంతా పోతుంది.

తంజావూరు రాజు శరభోజీ కానుకలు పంపి ఆస్థానానికి పిలిపిస్తే, స్వామి కాదని ఈ కృతి పాడారని పెద్దలు చెబుతారు. ఉంఛవృత్తితో, అంటే వీధుల్లో పాడుకుంటూ వెళ్లి తెచ్చుకున్న బియ్యంతో ఇల్లు గడుపుకున్న మనిషి ఆయన. ఆ ఇంట్లో నిధి అనే మాటకు ఎంత బరువుండేదో ఆలోచించండి. అయినా ఆయన రాజుకు జవాబు చెప్పడం లేదు. ‘నిజముగ పల్కు మనసా’ అని తన మనసునే నిలదీస్తున్నారు. అందుకే పల్లవి గట్టిగా అరిచి పాడితే నాకు బాధగా ఉంటుంది.

తర్వాత తాళం. మిశ్రచాపు, మూడూ నాలుగూ కలిపి ఏడు. స్వరం లేకుండా చేత్తో తాళం వేస్తూ మాటలు మాత్రం పలకండి. తడబాటు పోయేదాకా, రెండు మూడు రోజులైనా సరే. అప్పుడు కల్యాణిలోకి రండి. ఆ రాగంలో ఒక వర్ణమైనా, అంటే కృతుల కన్నా ముందు నేర్పే సాధన పాటైనా వచ్చి ఉండాలి, లేకపోతే ప్రతిమధ్యమం, అంటే ఆ రాగంలోని హెచ్చు ‘మ’ స్వరం నిలవదు.

సంగతులు, అంటే ఒకే పాదాన్ని కొద్దికొద్దిగా మార్చి పాడే తీరులు, రోజుకు ఒకటి చాలు. అన్నీ ఒకేసారి నేర్చేసుకోవాలని టెన్షన్ పడితే మాట నలిగిపోతుంది. అదే ప్రశ్నను మనసు తప్పించుకోకుండా మళ్లీ మళ్లీ అడుగుతున్నారనుకుని ఒక్కొక్క సంగతీ పాడి చూడండి. కొత్త సంగతి వచ్చిన ప్రతిసారీ ‘చాల’ చెడకుండా ఉందో లేదో చూసుకోండి.

నాకు అన్నింటికన్నా ఇష్టం చరణం. పల్లవిలో ముందు నిధి, తర్వాత సన్నిధి. అనుపల్లవిలో ముందు పెరుగు, వెన్న, పాలు, తర్వాత దాశరథి భజన. రెండోదే మేలని విన్నవాళ్లకు అలవాటు పడిపోతుంది. చరణం ఎత్తుకోగానే వరస తిరగబడుతుంది. దమము, శమము, అంటే ఇంద్రియాలనూ మనసునూ అదుపులో పెట్టుకోవడం అనే గంగాస్నానం ముందొచ్చి, బురదబావి స్నానం తర్వాతొస్తుంది. ఆలోచించకుండా ‘రెండోదే’ అని జవాబిచ్చే మనసు ఇక్కడ పట్టుబడిపోతుంది. ఆ వెంటనే వరస మళ్లీ మొదటికొస్తుంది. ముందు నరస్తుతి, తర్వాత కీర్తన.

ముద్ర, అంటే కృతిలో స్వామి తన పేరు చెప్పుకునే చోటు. అక్కడ ఒక జాగ్రత్త. ‘త్యాగరాజనుతుని కీర్తన’ అంటే త్యాగరాజు చేత నుతింపబడినవాడి కీర్తన, అంటే రాముడిది. ‘త్యాగరాజ’ దగ్గర ఆపేస్తే త్యాగరాజ కీర్తన అయిపోతుంది. ‘నుతుని’ దాకా ఒకే ఊపిరిలో వెళ్లి, అప్పుడు ఆగండి.