డాలర్-రూపాయి ట్రేడ్ పెట్టే ముందు

ద్వారకానగర్‌లో టీ తాగుతూ మా తమ్ముడు ఫోన్ చూపించాడు, 83.5000, 83.5025 అని రెండు రేట్లు. తక్కువది బిడ్, మనం అమ్మితే వచ్చేది. ఎక్కువది ఆస్క్, కొంటే కట్టేది. మధ్య తేడా స్ప్రెడ్, కొన్న క్షణానే అంత నష్టంలో ఉంటాం.

ఎక్స్ఛేంజీలో ఒక లాట్ 1000 డాలర్లు, అంటే రేటు పావలా కదిలితే 250 రూపాయలు. మార్జిన్, అంటే ట్రేడ్ కోసం ముందుగా కట్టే సొమ్ము, కొంచెమే కదా అని పది లాట్లు తీసుకోకండి, లాభనష్టాలు మొత్తం 10,000 డాలర్ల మీదే లెక్క. స్టాప్‌లాస్, అంటే నష్టం ఇంతకి చేరితే ట్రేడ్ మూసేయమనే ఆర్డర్, ముందే పెట్టండి.

డాలర్-రూపాయి లాంటి రూపాయి జంటల్లోకి దిగాలంటే మన రొయ్యల ఎగుమతిదారుల్లా డాలర్లలో నిజమైన రాబడో చెల్లింపో ఉండాలి, ఇది రిజర్వ్ బ్యాంక్ నిబంధన.

ట్రేడింగ్ యాప్ పేరు రిజర్వ్ బ్యాంక్ అలర్ట్ లిస్టులో, అంటే అనుమతి లేనివాటి జాబితాలో, ఉందేమో చూడండి, లేకపోయినా అనుమతి ఉన్నట్టు కాదు. విదేశీ యాప్‌కి మార్జిన్ డబ్బు పంపితే ఫెమా (విదేశీ మారక చట్టం) కేసు మన మీదే పడుతుంది, దయచేసి పంపకండి.