క్రోషియాతో గుత్తి వంకాయ బొమ్మ

క్రోషియాతో బొమ్మలు అల్లాలనుకునే వారిలో చాలామంది కుందేలుతోనో ఎలుగుబంటితోనో మొదలుపెడతారు. చెవులు, కాళ్లు, చేతులు విడివిడిగా అల్లి, వాటిని సరైన చోట అతికించలేక విసిగిపోయి, పనిని సగంలోనే సంచిలో కట్టి అటక మీద పడేస్తారు. మొదటి బొమ్మకు కూరగాయలే మేలు. కూరగాయల్లోనూ వంకాయ మరీ అనువైనది, ఎందుకంటే కాయ అంతా ఒకే ముక్కగా వస్తుంది, తొడిమె రెండో ముక్క, అతుకు ఒక్కటే. పైగా కాయను మూసే చోట కుట్లు ఎంత వంకరటింకరగా వచ్చినా తొడిమె వాటిని కప్పేస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు అంగళ్లలో కుప్పలు పోసి అమ్మే పొట్టి వంకాయను ఒకదాన్ని ఎదురుగా పెట్టుకుంటే ఆకారం కోసం వేరే బొమ్మ చూడనక్కరలేదు. అడుగున లావుగా, పైకి పోను పోను కొంచెం సన్నగా ఉంటుంది. కాడ కింద సాధారణంగా ఐదు మొనలు భుజాల మీదికి వాలి ఉంటాయి.

సామాను కొద్దిదే. మ్యాచింగ్ సెంటర్లలోనూ ఫ్యాన్సీ దుకాణాల్లోనూ దొరికే 4 ప్లై ఆక్రిలిక్ ఊలు, కాయకు ఒక రంగు, తొడిమెకు ముదురు ఆకుపచ్చ. ఒక్క బొమ్మకు చిన్న ఉండలో సగం కూడా పట్టదు. 2.5 మిల్లీమీటర్ల క్రోషియా సూది కావాలి. లేసు అల్లడానికి వాడే సన్నని ఉక్కు సూది ఇంట్లో ఉన్నా ఈ ఊలుకు పనికిరాదు, దాని కొక్కెంలో దారం నిలవదు. అతుకు వేయడానికి పెద్ద కన్ను, మొద్దు మొన ఉన్న ఊలు సూది తీసుకోవాలి. గోనె సంచులు కుట్టే దబ్బనం మాత్రం వద్దు, దాని పదును దారాన్ని చీలుస్తుంది. వరుస మొదలును గుర్తుపెట్టడానికి ఒక పిన్నీసు చాలు.

రంగు విషయంలో ఒక సలహా. వంకాయ అనగానే ముదురు ఊదా రంగు మీదికి మనసు పోతుంది గానీ, ముదురు దారంలో కుట్లు కంటికి ఆనవు. రాత్రి ట్యూబులైటు కింద అయితే ఏది కుట్టో ఏది సందో తేల్చుకోవడం అలవాటున్న వారికే కష్టం. అందుకని మొదటి బొమ్మను లేత ఆకుపచ్చ వంకాయగా అల్లడం మంచిది. ఊదా వంకాయను రెండోసారికి ఉంచుకోండి.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం క్రోషియా లేసుకు పేరు పొందింది. ఆ లేసులో కుట్టుకూ కుట్టుకూ నడుమ ఉండే ఖాళీయే అందం. జపాన్‌లో అమిగురుమి అని పిలిచే ఈ బొమ్మల అల్లికలో ఆ ఖాళీయే దోషం, ఎందుకంటే కుట్ల నడుమ సందు ఉంటే లోపలి దూది బయటికి కనిపిస్తుంది, కొన్నాళ్లకు బయటికే వస్తుంది. ఊలు ఉండ మీది చీటీలో ఏ సైజు సూది రాసి ఉన్నా, బొమ్మకు అంతకంటే చిన్నది వాడేది ఇందుకే. అల్లిన ముక్కను వెలుతురుకు పట్టి రెండు వైపులా కొద్దిగా లాగి చూస్తే సంగతి తెలిసిపోతుంది: చిల్లులు కనబడితే సూది ఒక సైజు తగ్గించాలి, సూది కుట్టులోకి దూరనంత బిగుతుగా ఉంటే వేలికి చుట్టిన దారాన్ని కొంచెం వదలాలి. మే నెల ఎండల్లో చేతులు చెమటపట్టి ఆక్రిలిక్ దారం సూదికి అంటుకుంటుంది, తెలియకుండానే బిగుతు పెరిగిపోతుంది. అలాంటప్పుడు పక్కన ఒక నూలు గుడ్డ పెట్టుకొని తుడుచుకుంటూ అల్లాలి, లేదా పొద్దున్నే కూర్చోవాలి.

ఈ బొమ్మ దాదాపు అంతా ఒకే కుట్టుతో నడుస్తుంది. కింది వరుసలోని కుట్టు పైభాగంలో కనిపించే రెండు పోగుల కిందుగా సూది గుచ్చి, దారం అందుకొని బయటికి లాగితే సూది మీద రెండు లూపులు ఉంటాయి. మళ్లీ దారం అందుకొని ఆ రెండింటిలోంచి ఒకేసారి లాగితే కుట్టు పూర్తయినట్టు. అమెరికా పద్ధతిలో దీన్ని సింగిల్ క్రోషే అంటారు, బ్రిటిష్ పద్ధతిలో ఇదే డబుల్ క్రోషే. వీడియోలు చూసి నేర్చుకునే వారు ఆ వీడియో ఏ పద్ధతిదో ముందుగా చూసుకోకపోతే బొమ్మ రెండింతల పొడవుగా, చిల్లులు చిల్లులుగా తయారవుతుంది. ఇక్కడ చెప్పేదంతా అమెరికా పద్ధతి.

కాయను అడుగు నుంచి మొదలుపెట్టాలి. బిగించడానికి వీలైన దారపు రింగు, అంటే మ్యాజిక్ రింగు వేసి, అందులో 6 కుట్లు అల్లి, కొస దారాన్ని లాగి మధ్య చిల్లు పూర్తిగా మూసుకునేలా చేయాలి. రెండో వరుసలో ప్రతి కుట్టులోనూ రెండేసి అల్లితే 12 అవుతాయి. మూడో వరుసలో ఒక కుట్టు మామూలుగా, తర్వాతి దానిలో రెండు, ఇలా చుట్టూ అల్లితే 18; నాలుగో వరుసలో రెండు మామూలుగా, తర్వాతి దానిలో రెండు, 24. ఇదే లెక్కన పెంపుకూ పెంపుకూ మధ్య మామూలు కుట్లు ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతే ఐదో వరుసలో 30, ఆరో వరుసలో 36 వస్తాయి. అక్కడి నుంచి పెంపు ఆపేసి, 7 నుంచి 13 వరకు ఏడు వరుసలు 36 కుట్లతోనే అల్లాలి. అంచు పైకి లేచి గిన్నెలా మారుతుంది.

వరుసలను కలిపి ముడివేయకుండా మెట్ల చుట్టులా ఆపకుండా సాగించాలి. కలిపితే పక్కన నిలువుగా ఒక మచ్చ గీతలా కనబడుతుంది. అయితే ఆపకుండా సాగినప్పుడు వరుస ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు కాబట్టి, ప్రతి వరుస మొదటి కుట్టులో పిన్నీసు పెట్టి, చుట్టు తిరిగి వచ్చాక దాన్ని పైకి మార్చుకోవాలి. వరుస చివర కుట్లు లెక్కపెట్టేటప్పుడు సూది మీద ఉన్న లూపును లెక్కలోకి తీసుకోకూడదు. లెక్క ఒకటి తప్పితే ఆ వరుస విప్పి మళ్లీ అల్లడమే సులువు, తర్వాత సర్దుకుందామని వదిలేస్తే ఆరు చోట్ల రావలసిన తగ్గింపు ఐదు చోట్ల పడి కాయ ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంకొకటి: గిన్నె ఆకారం రాగానే ఏ వైపు బయటికి ఉందో చూసుకోవాలి. వి ఆకారపు కుట్లు వరుసగా కనిపించేది బయటి వైపు, అడ్డగీతలు కనిపించేది లోపలి వైపు. కుడిచేతి వాటం వారు గిన్నెలో తమకు దగ్గరి అంచు మీద అల్లుతుంటే సరిగ్గా ఉన్నట్టు. అవతలి అంచు మీద అల్లుతుంటే గిన్నెను తిరగేయాలి.

పద్నాలుగో వరుస నుంచి తగ్గింపు. రెండు కుట్ల ముందు పోగులను, అంటే మనవైపు ఉన్న పోగులను మాత్రమే సూదికి ఎక్కించి, దారం అందుకొని ఆ రెండింటిలోంచి లాగి, మళ్లీ దారం అందుకొని మిగిలిన రెండు లూపుల్లోంచి లాగితే రెండు కుట్లు ఒకటవుతాయి. మామూలుగా రెంటినీ కలిపితే పడే గడ్డ ఈ పద్ధతిలో పడదు. నాలుగు మామూలు, ఒక తగ్గింపు, ఇలా ఆరుసార్లు చేస్తే 30 మిగులుతాయి. పదిహేనో వరుస మార్పు లేకుండా అల్లాలి. పదహారులో మూడు మామూలు, ఒక తగ్గింపు, 24. పదిహేడు మార్పు లేకుండా. పద్దెనిమిదిలో రెండు మామూలు, ఒక తగ్గింపు, 18. వరుస విడిచి వరుస తగ్గించడం వల్లనే వంకాయ భుజం నెమ్మదిగా వాలుతుంది. ప్రతి వరుసలోనూ తగ్గిస్తే అది టమాట అవుతుంది.

ఇక్కడ ఆగి దూది నింపాలి. పత్తి పండే ప్రాంతాల్లో ఇంట్లో ఉన్న పత్తినే నింపుదామనిపిస్తుంది గానీ, గింజ తీయని పత్తి అసలు వాడకూడదు, పురుగు పడుతుంది. గింజ తీసిన దూది కూడా ఒకసారి ఉతికితే ఉండలు కట్టి, లోపల తడి ఆరక వాసన వేస్తుంది. పిల్లలు ఆడుకునే బొమ్మకు పరుపులు, దిండ్లు కుట్టే దుకాణాల్లో దొరికే ఫైబర్ దూది మేలు. దాన్ని ముద్దగా కాకుండా వేళ్లతో విడదీసి, ముందు అడుగు అంచుల వెంట, తర్వాత మధ్యలో, కొద్దికొద్దిగా దోపాలి. నొక్కితే వెంటనే తిరిగి లేవాలి, కానీ కుట్లు విచ్చుకోకూడదు. ఆపై ఒక మామూలు, ఒక తగ్గింపుతో 12, అన్నీ తగ్గింపులతో 6 చేసి, మరికొంచెం దూది దోపి, దారం తెంపి, ఆ ఆరు కుట్ల ముందు పోగుల గుండా ఊలు సూదితో దారం తిప్పి బిగించాలి.

తొడిమెను కాడ కొస నుంచి అల్లాలి. ఆకుపచ్చ దారంతో మ్యాజిక్ రింగులో 5 కుట్లు వేసి, ఆ ఐదింటి మీదనే మరో నాలుగు వరుసలు అల్లితే చిటికెన వేలి కన్నా సన్నని గొట్టం వస్తుంది. దానికి దూది అక్కరలేదు, మొదటి కొస దారాన్నే లోపలికి తోసేస్తే నిలబడుతుంది. ఆరో వరుసలో ప్రతి కుట్టులో రెండేసి, 10. ఏడో వరుసలో ఒకటి విడిచి ఒకటి పెంచితే 15. ఇప్పుడు మొనలు: 4 గొలుసు కుట్లు (దారం అందుకొని సూది మీది లూపులోంచి లాగితే ఒక గొలుసు) వేసి, సూది నుంచి రెండో గొలుసులో స్లిప్ స్టిచ్ (సూది గుచ్చి అందుకున్న దారాన్ని సూది మీది లూపులోంచి కూడా ఒకేసారి లాగడం), తర్వాతి దానిలో సింగిల్ క్రోషే, చివరి దానిలో హాఫ్ డబుల్ క్రోషే (సూదికి దారం ఒకసారి చుట్టి గుచ్చి, దారం లాగి, మళ్లీ దారం అందుకొని మూడు లూపుల్లోంచి ఒకేసారి లాగడం) వేసి, ఆ 15 కుట్ల అంచు మీద రెండు కుట్లు వదిలి మూడో దానిలో స్లిప్ స్టిచ్‌తో కలపాలి. ఇలా ఐదుసార్లు చేస్తే పదిహేను కుట్లూ సరిగ్గా అయిపోతాయి. మూరెడు దారం వదిలి తెంపాలి.

ఆ దారంతోనే తొడిమెను కాయకు కుట్టాలి. ముందు ఐదు మొనలనూ గుండుసూదులతో నిలిపి, కాడ నిటారుగా ఉందో లేదో చుట్టూ తిప్పి చూసుకొని, మొనల కొసలు కూడా కాయకు అంటేలా అంచు వెంట చిన్న చిన్న కుట్లు వేయాలి. గుండుసూదులు ఎన్ని పెట్టారో అన్నీ తీశారో లేదో లెక్కచూసుకోవాలి. ఊదా వంకాయకు కావాలంటే తెల్ల దారంతో పైనుంచి కిందికి సన్నని చారలు కుట్టవచ్చు. నాకు ఇష్టమైన అలంకారం వేరు. కూరకు గుత్తి వంకాయను తొడిమె తెగకుండా అడుగు నుంచి నాలుగు పక్కలుగా చీలుస్తాం కదా, ఆ చీలికల్లాగే అడుగున ముదురు దారంతో ప్లస్ గుర్తు కుట్టి, దాన్ని పక్కలకు సగం ఎత్తు దాకా పొడిగిస్తే, అది ఏ కూరకు పోయే వంకాయో చూసిన వారు అడగనక్కరలేదు.

మూడేళ్ల లోపు పిల్లల బొమ్మకు ప్లాస్టిక్ కళ్లు, పూసలు పెట్టవద్దు. ఊడితే నోట్లోకి పోతాయి. ముఖం కావాలంటే నల్ల దారంతో కుట్టండి. బొమ్మను చల్లని సబ్బు నీళ్లలో చేత్తో నొక్కి ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో ఆరబెట్టాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ముదురు రంగు మీద తెల్లని పొర మిగులుతుంది కాబట్టి, చివరి జాడింపు ఫిల్టర్ నీళ్లతో చేస్తే మంచిది.

ఇదే లెక్కతో టమాట కూడా వస్తుంది: 36 దాకా పెంచి, ఐదు వరుసలు మామూలుగా అల్లి, ప్రతి వరుసలోనూ తగ్గిస్తూ మూయాలి. తర్వాత ఎర్ర దారాన్ని పైనుంచి అడుగుకు గుచ్చి, పక్క మీదుగా పైకి తెచ్చి, మళ్లీ గుచ్చి, ఐదు చోట్ల బిగిస్తే పాయలు తేలతాయి. మిరపకాయకు 4 కుట్లతో మొదలుపెట్టి, రెండు వరుసలకు ఒక కుట్టు చొప్పున 10 దాకా పెంచాలి. ఆ పెంపులన్నీ చుట్టూ చెదరకుండా ఒకే పక్కన ఒకదాని మీద ఒకటి పడితే కాయ దానంతట అదే వంగుతుంది. దూదిని మాత్రం చివర్లో కాక, అల్లుతూ అల్లుతూనే సూది వెనక కొసతో లోపలికి తోస్తూ రావాలి.