మల్లె నిండుగా పూయాలంటే శీతాకాలంలోనే కత్తిరించాలి

వేసవిలో మల్లె ఎంతగా పూస్తుందన్నది అప్పుడు పోసే నీళ్లకంటే అంతకుముందు శీతాకాలంలో చేసే కత్తిరింపు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. మల్లె ముదురు కొమ్మల మీద పూయదు, కొత్తగా పుట్టే రెమ్మల కొసలనే మొగ్గ తొడుగుతుంది. పచ్చగా ఉన్న కొమ్మను కోయడానికి చేతులు రాక చాలామంది చెట్టును అలాగే వదిలేస్తారు, ఏప్రిల్‌లో ఆకులే తప్ప పువ్వులు లేవని బాధపడతారు.

మొక్క కొనేటప్పుడు పేరు సరిచూసుకోవాలి. శాస్త్రజ్ఞులు జాస్మినమ్ సాంబక్ అని పిలిచేదే మన మల్లె. గుండ్రటి మొగ్గ, దొంతరలుగా రేకులు ఉన్న రకం కావాలంటే బొడ్డుమల్లె అనో గుండుమల్లె అనో అడగాలి. మొగ్గ వెలుపల గులాబి ఛాయ కనిపించే జాజి వేరే జాతి. మల్లె సాధారణంగా గింజ కట్టదు కనుక, ఇరుగుపొరుగు ఇంట్లో మంచి చెట్టు ఉంటే నేల దగ్గరి కొమ్మనొకదాన్ని వంచి, కణుపు కింద బెరడును కొద్దిగా చెక్కి, మట్టి కప్పి తడి ఆరకుండా చూస్తే అక్కడ వేళ్లు పుడతాయి. కుండీ అయితే పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు, నీరు నిలవకూడదు, రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి. నీడలో పెంచిన మల్లె తీగలా సాగుతుందే కాని పూయదు.

కత్తిరింపుకు నవంబరు చివరి వారం నుంచి డిసెంబరు వరకు అనువైన కాలం. వారం పది రోజుల ముందు నుంచి నీరు బాగా తగ్గించి చెట్టుకు విశ్రాంతినివ్వాలి. తరువాత పదునైన కత్తెరతో ముందుగా ఎండినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి, పుల్లల్లా సన్నబడినవి మొదలంటా తీసివేయాలి. మిగిలిన కొమ్మలను నేల మీది చెట్టుకైతే మోకాలి ఎత్తున, అంటే సుమారు 45 సెంటీమీటర్ల వద్ద, కుండీ మొక్కకైతే సగానికి, కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోయాలి. మిగిలిన ఆకులను కూడా దూసివేయాలి. మోడులా మిగిలిన ఆ చెట్టును చూసి దిగులు పడనవసరం లేదు. మొదలు చుట్టూ మట్టిని గుల్లచేసి, బాగా మాగిన పశువుల ఎరువును, గుప్పెడు వేపపిండిని కలిపి నీరు పెడితే, కణుపుల నుంచి జంటలు జంటలుగా చిగుళ్లు వస్తాయి. ఈ దశలో యూరియా జోలికి పోకపోవడమే మంచిది, నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది.

మొగ్గలు వచ్చేటప్పుడు రెమ్మ కొసను దగ్గరగా పరిశీలించండి. సాధారణంగా నడుమ ఒకటి, దానికి అటూ ఇటూ చెరొకటి మొగ్గలుంటాయి, నడుమది ముందు విచ్చుకుంటుంది. మూడూ పూసి రాలాక ఆ రెమ్మను రెండు కణుపుల కిందికి తుంచితే పక్క రెమ్మలు పుట్టి మరో విడత పూత వస్తుంది.

ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపు రంగుకు తిరిగితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంకాలం ఆకులపై పిచికారీ చేయాలి, పది రోజుల తరువాత మళ్లీ చేయాలి. మొగ్గ ఊదారంగుకు మారి రంధ్రం కనిపిస్తే లోపల పురుగు ఉందన్నమాట. అలాంటి మొగ్గలను ఏరి నాశనం చేసి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి చల్లాలి.

అమ్మకానికి కోసేవారు తెల్లవారకముందే తోటలో ఉంటారు. ఇంటి అవసరానికైతే సాయంత్రం నాలుగైదు గంటలకు కోసినా చాలు. పూర్తిగా తెల్లబడి ఉబ్బిన మొగ్గనే తీసుకోవాలి, పచ్చ ఛాయ ఉన్నది కోస్తే విచ్చుకోకుండానే వాడిపోతుంది. కోసిన మొగ్గలను తడి గుడ్డలో వదులుగా చుట్టి ఉంచి, చీకటి పడేలోపు మాల కట్టాలి.