తుఫాను సేవకి వెళ్తున్నారా? మూడు వారాలు ఆగండి

ఒడిశాలో మా బరంపురం వైపు దసరా చందాలూ తుఫాను కబురూ దాదాపు ఒకేసారి వస్తాయి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12 రాత్రి, అష్టమి రోజు. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబర్ 11 తెల్లవారుజామున, నవరాత్రులు మొదలైన మర్నాడు. పందిరికి పోగైన డబ్బు చేతిలో ఉంటుంది, కుర్రాళ్లు ఖాళీగా ఉంటారు, ఎవరో "పదండ్రా" అంటారు, రాత్రికల్లా బండి సిద్ధం. మా భజన బృందం కూడా తిత్లీకి అలాగే బయల్దేరింది.

ఏం జరిగిందో చెప్తాను. నాలుగో రోజున పులిహోర పొట్లాలు, పాత చీరల మూటలు వేసుకుని గజపతి జిల్లాకి వెళ్లాం. దారిలో మేం రాయగడ అనగానే డ్రైవరు రాయగడ జిల్లా రోడ్డు పట్టబోయాడు. గజపతి జిల్లాలోనే రాయగడ అని ఇంకో బ్లాకు (మండలం లాంటిది) ఉందని అతనికి తెలీదు, నిజం చెప్పాలంటే మాలో సగంమందికీ తెలీదు (కొండచరియలు విరిగిపడి జనం పోయిన బరఘరా ఉన్నది ఈ బ్లాకులోనే). తీరా ఊరు చేరేసరికి మాకంటే ముందే రెండు బృందాలు అన్నం పంచి వెళ్లిపోయాయి, మా పులిహోర సాయంత్రానికి పులిసిపోయింది, చీరల మూటలు బడి వరండాలో తడిసి కంపు కొడితే వాటిని తీసి పారేసే పని కూడా ఆ ఊరివాళ్ల మీదే పడింది.

మొదటి వారం చెట్లు నరకడం, రోడ్లు తెరవడం ఒడ్రాఫ్ (ఒడిశా ప్రభుత్వ విపత్తు దళం), అగ్నిమాపక దళాల పని. అప్పుడు మన బండి వాళ్లకి అడ్డం. మూడు వారాలయ్యాక పొట్లాలు ఆగిపోతాయి, కెమెరాలు వెళ్లిపోతాయి, ఇంటిమీద మాత్రం ఇంకా టార్పాలినే ఉంటుంది. మీరు వెళ్లాల్సింది అప్పుడు.

ముందు సర్పంచ్‌కో బీడీవో (బ్లాకు అధికారి) ఆఫీసుకో ఫోన్ చేసి, పైకప్పు లేని ఇళ్లు ఎన్ని, ఇంకెవరు వస్తున్నారు, మేం రాత్రి ఎక్కడ పడుకుంటే మీకు ఇబ్బంది ఉండదు అని అడగండి. బియ్యం, నీళ్లు, వంట సామాను మీవే ఉండాలి, వాళ్ల బావి మీద పడకూడదు. పర్లాకిమిడి, కాశీనగర్‌లలో తెలుగుతో గడిచిపోతుంది గానీ కొండెక్కితే సవర భాషే, కాబట్టి అక్కడి కుర్రాడినొకణ్ణి కూలీ ఇచ్చి వెంట పెట్టుకోండి, ఊరికే తిప్పుకోకండి. బయల్దేరే ముందు అందరూ టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్ని అడగండి, మేకులు గుచ్చుకోకుండా ఎవరూ తిరిగిరారు.

ఏ ఇంటి మీద చెయ్యి వేసినా ముందు సర్వే అయిందా అని అడగాలి. నష్టం రాసుకోకముందే మనం కూలిన గోడ సర్దేస్తే, పాపం వాళ్లకి రావాల్సిన పరిహారం దగ్గర పేచీ వస్తుంది. నాలుగు వైపులా ఫోటోలు తీసి ఇంటివాళ్ల ఫోన్లో పెట్టండి. శిథిలాలు చేత్తో ఎత్తకండి, కర్రతో కదిపి చూడండి, కింద పాములుంటాయి. తెగిన కరెంటు తీగ చచ్చిందని లైన్‌మన్ చెప్పేదాకా అది బతికున్నట్టే.

ఇక కప్పు పని. పది ఇళ్లకి తలా నాలుగు రేకులు ఇవ్వడం కంటే రెండిళ్లు పూర్తిగా కప్పడం మేలు, ఏ రెండిళ్లో ఊరే తేలుస్తుంది. గాలి రేకుని పైనుంచి నొక్కదు, అంచు కింద దూరి పైకి లేపుతుంది. అందుకే చూరు దగ్గర, మూలల్లో, నడికప్పు దగ్గర జె-బోల్టులు (కొక్కెంలా వంగినవి) దగ్గర దగ్గరగా పడాలి, ఒక్కోదానికీ వాషరు ఉండాలి. వట్టి మేకులు కొట్టి వస్తే వచ్చే అక్టోబర్‌కి రేకు పక్కూరి పొలంలో ఉంటుంది. వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి కట్టకుండా ఎన్ని బోల్టులు వేసినా కప్పు మొత్తంగా లేచిపోతుంది. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టకండి, పలక వేసుకుని నడవండి. వాటిని కోస్తే వచ్చే దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది, పిల్లల్ని దూరం పంపండి. మీలో ఒక్క వడ్రంగి అయినా లేకపోతే ప్రయాణం మానుకుని ఆ డబ్బుతో వడ్రంగిని పంపండి. కోపం రావచ్చు, కానీ అంతే.

గంజాం తీరంలో మన తెలుగు జాలరిపేటల్లో అయితే కప్పు కంటే ముందు వల అడుగుతారు. ఇల్లు లేకపోయినా వేట చేస్తే పూట గడుస్తుంది. అడిగిందే ఇవ్వండి.

దేవుడి విషయం. మేం సాయంత్రం పని అయ్యాక మా బసలో భజన చేసుకుంటాం, వచ్చినవాళ్లు వస్తారు. పంపకం ముందు పాట, ప్రార్థన, కరపత్రం ఏదీ వద్దు, మనదైనా చర్చివాళ్లదైనా. ఆశ చూపి మతం మార్చడాన్ని నిషేధిస్తూ ఒడిశాలో 1967లోనే చట్టం వచ్చింది. అనుమానం ఒక్కసారి పుడితే నష్టపోయేది మీరు కాదు, మీ చేత రేకు వేయించుకున్న ఇల్లు. గజపతి కొండల్లో చర్చి కుర్రాళ్లు చాలా ఊళ్లలో ఉంటారు. మేం రెండోసారి వెళ్లినప్పుడు నిచ్చెన వాళ్లదే, రేకులు మావి.

తిరిగొచ్చేటప్పుడు ఆ ఇంటివాళ్లతో సెల్ఫీలు వద్దు. మిగిలిన బోల్టులు, సుత్తులు అక్కడే వదిలేసి, చందా లెక్క పందిరి దగ్గర అతికించండి. పాత చీరలు ఎవరు ఎంత బతిమాలినా బండి ఎక్కించకండి.