చేతులతో చదువు – 4వ పాఠం: వానను కొలిచే సీసా

గత పాఠంలో, బడులు తెరిచిన మొదటి వారంలోనే, మృగశిర కార్తె నడుస్తుండగా, తడి గోనెపట్టాలో నూరు విత్తనాలు చుట్టిపెట్టి వాటిలో ఎన్ని మొలకెత్తాయో పిల్లల చేతనే లెక్కపెట్టించాం. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర ప్రవేశిస్తుంది. ఈ కార్తెలో తరగతి గదికి కావలసిన బోధనోపకరణం ఆకాశం నుంచే పడుతుంది కనుక, ఈ పాఠంలో ప్రాథమిక పాఠశాల పిల్లలతో వర్షమాపకం తయారుచేయించడం, దాన్ని సీజను పొడవునా నడిపించడం నేర్చుకుందాం. సీసా తయారుచేయడానికి అరగంట చాలు. వానను లీటర్లలో కాకుండా మిల్లీమీటర్లలో ఎందుకు చెబుతారో పిల్లవాడు తనంతట తాను కనిపెట్టేలా చూడడమే ఇందులో కష్టమైన పని. ఆ పనికి తొందరపడవద్దని నా మనవి.

అందుకని సీసా జోలికి వెళ్ళకముందు, గోడలు నిలువుగా ఉన్న రెండు స్టీలు డబ్బాలు, ఒకటి బాగా వెడల్పైనది, ఒకటి సన్ననిది, మధ్యాహ్న భోజనం వంటగదిలోంచి అడిగి తెచ్చుకోండి. మబ్బు పట్టిన రోజున వాటిని ఆరుబయట పక్కపక్కన పెట్టి, "దేనిలో వాన ఎక్కువ పడుతుంది?" అని అడగండి. తరగతి మొత్తం పెద్ద డబ్బా వైపే చెయ్యి చూపుతుంది. అది తప్పని చెప్పకండి, ఒప్పనీ చెప్పకండి. పిల్లలు చెప్పిన మాటను నల్లబల్ల మీద వాళ్ళ పేర్లతో సహా రాసి పెట్టండి.

వాన వెలిశాక ఒక చీపురు పుల్లకు సుద్దముక్క బాగా రుద్ది, మొదట పెద్ద డబ్బాలో అడుగు తగిలేదాకా నిలువుగా ముంచి తీయించండి. తడిసిన మేర సుద్ద నల్లబడి గీతలా కనిపిస్తుంది. ఆ గీత దగ్గర గోటితో గుర్తు పెట్టించి, అదే పుల్లను చిన్న డబ్బాలో ముంచమనండి. తడి సరిగ్గా ఆ గోటి గుర్తు దగ్గరే ఆగుతుంది. అప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. ఒకరు పుల్ల తిప్పి చూస్తారు, ఇంకొకరు పుల్ల మార్చి మళ్ళీ ముంచుతారు, మూడో వాడు నీళ్ళను కొలిచి తీరాలంటాడు. కొలవనివ్వండి. పెద్ద డబ్బా వెడల్పు 18 సెంటీమీటర్లు, చిన్నదాని వెడల్పు 6 సెంటీమీటర్లు అనుకుంటే, 20 మి.మీ. వానకు పెద్దదానిలో సుమారు అర లీటరు నీళ్ళుంటాయి, చిన్నదానిలో చిన్న టీ గ్లాసుకు సగమే ఉంటాయి. నీళ్ళు తొమ్మిది రెట్లు తేడా, లోతు మాత్రం ఒక్కటే. "పెద్ద నోరున్న డబ్బా ఎక్కువ చినుకులు పట్టింది గానీ, వాటిని ఎక్కువ నేల మీద పరుచుకుంది" అనే అర్థం వచ్చే మాట ఎవరో ఒకరి నోట, వాళ్ళ భాషలో, వచ్చే వరకు ఆగండి. ఒక్కోసారి రెండు మూడు వానలు పట్టవచ్చు. ఆ మాట ఉపాధ్యాయుడే ముందుగా చెప్పేస్తే, పిల్లలకు మిగిలేది కంఠస్థం చేయడానికి ఒక వాక్యం మాత్రమే.

ఇక సీసా. నడుము దగ్గర నొక్కులు, గాళ్ళు లేకుండా గోడలు తిన్నగా ఉన్న రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాను ఎంచుకుని, మెడ వాలు మొదలయ్యే చోట కాస్త కిందుగా కోసి, కోసిన పైముక్కను మూత తీసి తలకిందులుగా అందులోనే గరాటులా అమర్చాలి. ఇది నీటిని లోపలికి దింపుతుంది, ఎండకు ఆవిరి కాకుండా కొంత కాపాడుతుంది. కోయడం మీ పని, పిల్లలది కాదు. కోసిన అంచులకు చుట్టూ టేపు అంటించాకే వాళ్ళ చేతికివ్వండి. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కనుక అక్కడి నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. గాలికి పడిపోకుండా కడిగిన గులకరాళ్ళు కొన్ని వేసి, అవి పూర్తిగా మునిగి, గోడలు నిలువుగా మొదలయ్యే చోటు దాకా నీళ్ళు పోసి, ఆ నీటి మట్టం దగ్గర సున్నా గీత గీయండి. అక్కడి నుంచి పైకి మిల్లీమీటర్ల కాగితపు స్కేలు నిలువుగా అంటించి, తడవకుండా దాని మీద పారదర్శకమైన టేపు వేయాలి. గరాటు నోరూ, సీసా నడుమూ దాదాపు ఒకే వెడల్పు కావడం వల్లనే స్కేలు మీది మిల్లీమీటరు వాన మిల్లీమీటరుతో సరిపోతుంది. సన్నని సీసాకు పెద్ద గరాటు పెడితే ఈ లెక్క చెల్లదు.

సీసా పెట్టే చోటు గురించి నా అనుభవం చెబుతాను. మొదటి ఏడాది, తరగతిలోంచి కనిపిస్తుందని, దాన్ని వసారా పక్కనే పెట్టించాను. ఒకనాడు ముసురు తప్ప పెద్ద వాన లేదు, అయినా సీసాలో 70 మి.మీ. నీళ్ళున్నాయి. నేను ఆ అంకె రాయబోతుంటే నాలుగో తరగతి పాప ఒకతె, "సార్, ఇది మన వాన కాదు, రేకుల వాన" అంది. చూరు నీళ్ళు నేరుగా సీసాలోకి పడుతున్నాయి. ఆ రోజు అంకెను కొట్టేసి, పక్కన ఆ పాప చెప్పిన కారణమే రాశాం. గోడకైనా చెట్టుకైనా వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో, నేల మీది చిందులు పడకుండా నోరు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా, ఇటుకల మధ్య కదలకుండా నిలపండి. చోటు ఎంపికను కూడా పిల్లలకే వదిలి, వేపచెట్టు కింద ఎందుకు కూడదో వాళ్ళ చేతనే చెప్పించడం మంచిది.

మన వాతావరణ శాఖ వర్షపాతాన్ని ఉదయం 8.30కి చూసి, గడిచిన 24 గంటల వానను ఆ ఉదయపు తేదీ కింద రాస్తుంది. బడిలో ప్రార్థనకు ముందు, రోజూ ఒకే వేళకు చూస్తే చాలు. కన్ను నీటి మట్టానికి సమానంగా ఉండాలి. నీరు గోడ పక్కన కొద్దిగా పైకి పాకుతుంది కాబట్టి నడిమి పల్లాన్నే చదవాలి. చదివిన వెంటనే నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో మళ్ళీ సున్నా గీత దాకా నింపాలి. ఇది తప్పించకూడదు. వాన లేని రోజు కూడా ఆవిరి వల్ల మట్టం సున్నా కిందికి దిగుతుంది. అంతేగాక నిలవ నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఆదివారం చదవలేదు గనుక సోమవారం వచ్చిన అంకె పక్కన "2 రోజులది" అని రాయించండి. దాన్ని సగం చేసి రెండు రోజులకు పంచడం ఎంత సులువో అంత తప్పు.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు దశాంశాలు రావు, వాళ్ళను పక్కన కూర్చోబెట్టనూ కూడదు. సీసాలో నీరు ఎంత ఎత్తుందో అంతే పొడవు నీలం కాగితపు ముక్క కత్తిరించి, గోడ మీది చార్టులో ఆ తేదీ దగ్గర నిలువుగా అంటించడం వాళ్ళ వంతు. అంకె లేకపోయినా వాన అసలు ఎత్తు గోడ మీద నిలుస్తుంది. మూడు, నాలుగు, అయిదు తరగతుల వాళ్ళు ఆ ముక్కల కింద మిల్లీమీటర్లు రాస్తారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులూ ఒక్క గదిలో కూర్చునేవాళ్ళకు ఇంతకంటే అనువైన పని నాకు తెలియదు. 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. 64.5 నుంచి 115.5 మి.మీ. వరకు భారీ వర్షం. చార్టు మీద 2.5, 64.5 మి.మీ. ఎత్తుల దగ్గర అడ్డగీతలు గీస్తే, టీవీలో వినే మాట గోడ మీద కనబడుతుంది.

చార్టును నెలలుగా కాకుండా కార్తెలుగా విడగొట్టండి. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. "మఖ పుబ్బలు వరుపైతే మహత్తరమైన కరువు" అనే సామెతను ఇంటి పెద్దల నోట విన్న పిల్లలు, ఆగస్టు నడుమ మొదలయ్యే ఆ రెండు కార్తెల మొత్తాన్ని తామే కూడి చూస్తారు. పెద్దలకు ఇంకో కొలత కూడా ఉంది. చేలో కర్ర గుచ్చి, తడి ఎంత లోతు దిగిందో చూసి "జానెడు పదునైంది" అంటారు. సీసాలో 20 మి.మీ. చూపిన రోజున పదును ఎంత దిగిందో ఇంట్లో అడిగి రమ్మనండి. నల్లరేగడి చేను ఉన్న ఇంటి జవాబూ, ఎర్రనేల ఉన్న ఇంటి జవాబూ ఒకటి కావు. అక్కడ వాన పాఠం నేల పాఠంగా మారుతుంది, మారనివ్వండి.

అయిదో తరగతికి ఒక లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. బడి పైకప్పు కొలతలు నేల మీద అడుగుల టేపుతో తీయించి మీటర్లలోకి మార్పించండి. 60 చదరపు మీటర్ల కప్పు మీద 20 మి.మీ. కురిస్తే 1200 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు ఎనభై. ఆ ఎనభై బిందెలు ఎటు పోయాయో వాన వెలిసిన వెంటనే పిల్లలతో కలిసి కాలువ వెంట నడిచి చూడండి.

నెల్లూరు వైపు ఉపాధ్యాయులకు ఒక మాట: మీకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి, సెప్టెంబరు చివర సీసా తీసేయకండి. దసరా సెలవుల్లో బడి పక్కింటి పిల్లలిద్దరికి ఆ బాధ్యత అప్పగిస్తే చార్టులో ఖాళీ రాదు.

ఈ పాఠానికి అభ్యాసం: ముందుగా రెండు డబ్బాల ప్రయోగాన్ని మీ ఇంటి ముందు మీరే ఒకసారి చేసి చూడండి. తరవాత బడిలో సీసా నిలిపి, ఆరుద్ర, పునర్వసు కార్తెలు ముగిసే వరకు నీలం ముక్కలు అంటించండి. కొట్టేసిన అంకెలు ఏవైనా ఉంటే చెరపకుండా, కారణంతో సహా ఉంచండి. వచ్చే పాఠంలో ఆ చార్టునే ముందు పెట్టుకుని, తొలకరికి నేల మీదికి వచ్చే ఎర్రని ఆరుద్ర పురుగు ఎన్ని మిల్లీమీటర్ల వాన తరవాత కనిపించిందో పిల్లల చేత వెతికిద్దాం. పురుగును పట్టి సీసాలో వేయకుండా, నేల మీదే చూసి బొమ్మ గీసుకుని తేదీ రాసుకోమని ఇప్పుడే చెప్పి ఉంచండి.