ఎదుటివారిపై తీర్పులు ఆగడం లేదా? లోజాంగ్ చూపే సమస్య - పరిష్కారం

పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట స్తూపాన్ని చూసి వచ్చినవారిలో కూడా చాలామంది బౌద్ధ సాధన అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమే అనుకుంటారు. టిబెట్ బౌద్ధుల మనోశిక్షణ అయిన లోజాంగ్‌ను మాత్రం బస్సులో, బజారులో, పెళ్లిపందిట్లో అభ్యసించాలి. బెంగాల్‌లో పుట్టిన అతీశుడు 11వ శతాబ్దంలో ఈ బోధను టిబెట్‌కు తీసుకువెళ్లాడు. 12వ శతాబ్దంలో గెషె చెకావా దాన్ని ఏడు అంశాల కింద చిన్న చిన్న సూత్రాలుగా కూర్చాడు.

సమస్య: మనిషిని చూడగానే మనసు తీర్పు చెప్పేస్తోంది

సాయంత్రం హనుమకొండ బస్టాండులో కరీంనగర్ బస్సు ఎక్కారు. కిక్కిరిసి ఉంది. ఒకామె పక్క సీటులో సంచి పెట్టుకుని ఫోను చూసుకుంటోంది. "ఉచిత ప్రయాణం కదా, ఎవరు నిలబడితే ఆమెకేం" అని మనసు అనేసింది. మరుక్షణం "ఈ కాలం వాళ్లంతా ఇంతే" అని లోకం మొత్తాన్నీ కలిపేసింది.

కారణం: కంటికి ఒక దృశ్యం తగిలింది, చిరాకు పుట్టింది, దానికి మనసు ఒక పేరు పెట్టింది, ఆ పేరు చుట్టూ కథ అల్లింది. ఇలాంటి వరుసను ప్రాచీన బౌద్ధ గ్రంథాలు వివరించాయి. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది కాబట్టి, మనం అల్లిన కథ కూడా కంటితో చూసిందే అనిపిస్తుంది.

పరిష్కారం: రెండు వాక్యాలుగా విడదీయండి. కన్ను చూసింది: సీటు మీద సంచి ఉంది. మనసు చేర్చింది: ఆమెకు ఎవరూ లెక్కలేదు. రెండోదాన్ని కొట్టిపారేయనక్కరలేదు, అది మీరు చేర్చిందని గుర్తిస్తే చాలు. "పాపం, ఏ కష్టంలో ఉందో" అని బలవంతంగా మంచి కథ అల్లమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు, అదీ కథే. "అమ్మా, ఇక్కడ ఎవరైనా కూర్చున్నారా?" అని అడగండి.

సమస్య: నోరు ఆగడం లేదు

పెళ్లి భోజనాల దగ్గర ఎవరి కూతురికి ఇంకా సంబంధం కుదరలేదు, ఎవరి కొడుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు అనే మాటలు వడ్డన కన్నా ముందే మొదలవుతాయి.

కారణం: బౌద్ధం దీన్ని మానం అంటుంది. నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ అనే మూడు కొలతలూ మానమే. పక్కవారి లోపం చెప్పినప్పుడల్లా మన ఎత్తు కాస్త పెరిగినట్టుంటుంది.

పరిష్కారం: ఇతరుల లోపాల గురించి మాట్లాడవద్దని లోజాంగ్ సూత్రం ఒకటి నేరుగా చెబుతుంది. మనసు కన్నా నోటిని అదుపు చేయడం సులువు, అందుకే ఇక్కడే మొదలుపెట్టండి. అక్కడ లేని మనిషి ప్రస్తావన వస్తే, ఎదురుగా ఉన్న మనిషి క్షేమం అడగండి: "వదినా, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అన్నింటికన్నా బలమైన దోషంతో ముందు పని చేయమని మరో సూత్రం. మీ తీర్పులన్నీ తోడికోడలి మీదే పడుతుంటే, సాధన ఆమె దగ్గరే మొదలవ్వాలి.

సమస్య: తీర్పు మానితే అన్యాయాన్ని ఊరుకోవాలా?

ఊరుకోవద్దు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా తూకం తగ్గించారనుకుందాం. "ఈ బస్తా ఇన్ని కిలోలు తక్కువ వచ్చింది, మళ్లీ తూచండి" అనడం తీర్పు కాదు, ఉన్నమాట. అవసరమైతే ఫిర్యాదూ చేయాలి. "మీ జాతే అంత" అన్నప్పుడు తూకం పక్కకు పోతుంది, తగవు మిగులుతుంది. చేసిన పనిని పట్టుకోండి, మనిషికి ముద్ర వేయకండి.

సమస్య: తీర్పులు ఇప్పుడు నా మీదకే తిరిగాయి

కారణం: నిందలన్నీ ఒకచోటికే చేర్చమనే సూత్రాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆ ఒక్కచోటు మీరు కాదు, "నేను, నాది" అనే పట్టు.

పరిష్కారం: తోంగ్లెన్ అనే శ్వాస సాధన. శ్వాస లోపలికి తీసుకుంటూ బాధను స్వీకరించాలి, వదులుతూ ఊరటను ఇవ్వాలి. స్వీకరించడం మీ బాధతోనే మొదలుపెట్టమని సూత్రం చెబుతుంది. తరువాత మీకు ఇష్టమైనవారు, ఆపై ముక్కూమొహం తెలియనివారు, చివరకు గిట్టనివారు. మిమ్మల్ని బాగా గాయపరిచిన మనిషితో మాత్రం తొందరపడి మొదలుపెట్టకండి, ఊపిరి బిగుసుకుంటే మళ్లీ మీ దగ్గరికే వచ్చేయండి.