కాయిళ్లన్నీ చుట్టేముందు ఒక్కటి చుట్టి చూడండి
ఉరవకొండ వైపు గాలిమరలు చూసి పొలంలో చిన్నది పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు పాత కారు ఆల్టర్నేటర్ (తిప్పితే కరెంటు పుట్టించేది) కోసం గుజిరీ అంగడికే పోతారు. అది నిమిషానికి 1000 చుట్లకు అటూఇటూ తిరిగితేగానీ ఛార్జింగ్ పట్టదు. మామూలు గాలికి రెండు మీటర్ల వ్యాసం ఉన్న రెక్కలు 200, 300 తిరిగితే గొప్ప. అందుకే నియోడిమియం అనే బలమైన అయస్కాంతాలతో, నిదానంగా తిరిగినా పనిచేసే ఆల్టర్నేటర్ సొంతంగా చేసుకోవడమే మేలు.

అయితే అందులోని కాయిళ్లన్నీ (రాగి తీగ చుట్టలు) ఒకేసారి చుట్టి, గట్టిపడే జిగురు లాంటి రెసిన్ పోసేయకండి. 50 చుట్లతో ఒక్క కాయిల్ చేసి, రెండు అయస్కాంతాల పళ్లేల మధ్య బిగించి, పళ్లేలను చేత్తో సెకనుకో చుట్టు తిప్పుతూ మల్టీమీటర్‌లో ఏసీ వోల్టులు చూడండి. తీగ చుట్లు రెట్టింపైతే వోల్టేజీ రెట్టింపు, వేగానికీ అదే లెక్క. ఎన్ని చుట్లు కావాలో అక్కడే తేలిపోతుంది. రాగి తీగ ధర తెలిసిందే కదా! పళ్లేలు దగ్గరికి తెచ్చేటప్పుడు వేళ్లు మాత్రం జాగ్రత్త, నలిపేస్తాయి.